పొగ లేని శనివారం

"శనివారం పూట ఇంకా పొయ్యి రాజెయ్యలేదేం?" పక్క మీంచి లేవకుండానే అడిగాడు అర్కాదీ. ఈ మంచు ఒడ్డున మా వాతావరణ స్టేషన్‌కి పెద్ద, నా మొగుడు. ఒకే కాలేజీ, ఒకే ఏడు వాతావరణ శాస్త్రం చదువుకున్నాం. ఆయన స్టేషన్ పెద్ద అయ్యాడు, నేను పెద్దగారి పెళ్ళాన్నయ్యాను. జీతం గాలిని కొలిచినందుకు ఇస్తారు. నలుగురు మగాళ్ళకి రొట్టె కాల్చడం, నేల తుడవడం, శనివారం ఆవిరి స్నానానికి కట్టెలు కొట్టి పొద్దుటి నించీ బాన్యా, అదే ఆవిరి గది, వేడెక్కించడం, అదంతా ఊరికే. బయల్దేరేటప్పుడు మా అత్తగారు చెప్పింది కదా, "అక్కడ మగాడు చలికి చావడే పిల్లా, మురికికి చస్తాడు. బాన్యా మానకు."

నాకంటూ ఉన్నది శనివారం మధ్యాహ్నం ఒక్కటే. ఎలుగుబంట్ల భయానికి తుపాకి భుజాన వేసుకుని, గాజు బుడ్డి పట్టుకుని ఒడ్డుకి పోతాను. గాలికి ఎదురుగా నిలబడి, నా ఊపిరి కూడా అందులో కలవకుండా బిగబట్టి, బుడ్డి నింపి మూత వేస్తాను. మనిషి వాసన లేని గాలి కావాలి, దాన్ని పరీక్షించే సంస్థ వాళ్ళకి. నాకూ అదే కావాలి.

మొన్న రేడియోలో సంస్థ నించి లిదియా పావ్లొవ్నా గొంతు. "మీరు పంపే బుడ్లలో పొగ ఉంది. ఈ శనివారందీ ఇలాగే ఉంటే ఆ పని వేరే స్టేషన్‌కి మార్చేస్తాం."

నేను పక్కనే ఉన్నాను. అర్కాదీ నవ్వాడు. "మా ఆవిడకి పరధ్యానం ఎక్కువండీ. జాగ్రత్త చెప్తాను లెండి."

పొగ! ఎవడి పొగ? ఈ కాలంలో గాలి సముద్రం మీంచే వస్తుంది. బాన్యా నీళ్ళ అంచునే ఉంది. దాన్ని దాటి పోదామంటే అవతల సముద్రమే, అటూ ఇటూ ఎక్కలేని రాళ్ళు. వీళ్ళ వీపులు రుద్దుకోడానికి నేను వెలిగించిన మంటే నా బుడ్డిలోకి వస్తోంది. ఆ సంగతి ఆయనకి తెలీదా? రెండ్రోజులుగా నా కాలు ఒక చోట నిలవలేదు. పిండి పిసుకుతూ లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. చెప్పనా? చెప్తే ఏమంటాడో తెలుసు. "సరేలే, బుడ్డి మానెయ్. నీకూ కాస్త విశ్రాంతి."

ఇవాళ గొడ్డలి ముట్టుకోలేదు. బుడ్డి పట్టుకుని వెళ్ళాను.

వెనక తువ్వాళ్ళు భుజాన వేసుకుని నలుగురూ వచ్చారు. "వదినా, లోపల ఐసుగడ్డలా ఉంది, మమ్మల్ని చంపుతావా?" అన్నాడు మెకానిక్ యెఫీమ్.

"రిమ్మా! పిలుస్తుంటే వినబడదా? చెవుడా నీకు?" అర్కాదీ అరుపు.

నేను ఊపిరి బిగబట్టి ఉన్నాను. బుడ్డి నిండింది. మూత బిగించి, అప్పుడు ఊపిరి వదిలి, వెనక్కి తిరిగాను.

"నా పని అయింది. గొడ్డలి బాన్యా తలుపు వెనక ఉంది. శనివారాలు నా బుడ్డి నిండాకే మీ పొయ్యి వెలగాలి, వెలిగించేది కూడా మీరే."