రెల్లుమూలకు కాపు

నడుములోతు నీళ్ళలో నిలబడి ఓర్విన్, ట్రెంట్ ఇంటి ముందున్న చెక్కరేవు కాళ్ళు బిగిస్తున్నాడు. ఈ వేసవిలో ఇది మూడోసారి. డెబ్బై రెండేళ్ళ మనిషి. చంకలదాకా రబ్బరు తొడుగు, ఎండకు పాత బూటుతోలులా చీలిన మెడ. టామరాక్ సరస్సులో వసంతానికి రేవులు దించడం, గడ్డకట్టేలోగా మళ్ళీ పైకి లాగడం నలభై ఏళ్ళుగా అతని పని. అందులో చెప్పుకోదగ్గదేమీ లేదు. అతనూ చెప్పుకోలేదు.

“నీళ్ళకేమొచ్చిందో ఈ ఏడు, పెద్దాయనా! రేవు నిలబడితే ఒట్టు,” అన్నాడు ట్రెంట్ ఒడ్డున కాఫీ తాగుతూ.

నీళ్ళకేమీ రాలేదు. వచ్చింది ట్రెంట్ కొత్త పడవ. అది పొట్టనిండా నీళ్ళు నింపుకుని, వెనక్కి కుంగి, నడుమెత్తు అల లేపుతుంది. ఆ అల మీద అతని కూతుళ్ళు పలకలేసుకుని తేలుతారు. తర్వాత ఆ అలే ఒడ్డుకొచ్చి రేవులు ఊపి, అడుగు బురద కలిపిపోతుంది. ఆ సంగతి ముఖాన చెప్పడం, మొహమాటాల విస్కాన్సిన్‌లో పుట్టినవాడి వల్ల కాదు.

“రెల్లుమూలలో లూన్ పక్షి పొదుగుతోంది,” అన్నాడు ఓర్విన్ చివరికి. “నీటి అంచునే గూడు. రేపోమాపో పిల్లలు. కాస్త పెద్ద అల వస్తే...”

“అబ్బ, ఎంత బావుందో! మా పిల్లలకి చూపించాలి.”

“అలాగే మరి,” అన్నాడు ఓర్విన్. అతని లెక్కలో అది ఘాటైన హెచ్చరిక.

నిన్నయితే ఇంకా తెగించాడు. పడవ ఆపమని ఒడ్డు నుంచి రెండు చేతులూ ఊపాడు. ఈ సరస్సు మీద కనబడ్డ ప్రతివాడికీ చెయ్యూపడం మర్యాద. ఇంత ఆప్యాయంగా పలకరించిన ముసలాయన కోసం వాళ్ళు కేరింతలు కొడుతూ ఇంకో చుట్టు తిరిగొచ్చారు. గూడు అంచు జానెడు కొట్టుకుపోయింది.

మధ్యాహ్నం భార్య లవోన్ శాండ్‌విచ్ చుట్టి ఇస్తూ, “గాలం కర్రెందుకయ్యా? నువ్వు చేప ముట్టి పదేళ్ళయింది,” అంది.

“రెల్లుమూల మొగలో లంగరేసి కూచుంటా. చేపలు పట్టేవాడి దగ్గరికి ఎవడూ పడవ తోలడుగా.”

“దానికంటే ఆ ట్రెంట్‌కి వద్దని ఒక్క ముక్క చెప్పొచ్చుగా?”

“నువ్వు చెప్పు.”

“నేనా? వాళ్ళావిడ మొన్ననేగా మనకి యాపిల్ పై వండి పంపింది!” లవోన్ పొట్లం అతని చేతిలో పెట్టింది. “బరువులెత్తొద్దన్నాడు డాక్టరు. గుర్తుందా?”

“కూచోడం ఏం బరువే?”

రేకు పడవను మొగకు అడ్డంగా నిలిపి కూర్చున్నాడు. వెనక రెల్లులో పక్షి నల్లటి తల, ఎర్రటి కన్ను. ట్రెంట్ పడవ వచ్చింది, గాలం కర్రను చూసింది, మర్యాదగా సరస్సు నడిమికి మళ్ళింది. ఓర్విన్ చెయ్యూపాడు. వాళ్ళూ ఊపారు. అలా నాలుగుసార్లు. దూరం నుంచి వచ్చే అల అతని పడవకు తగిలి, గూటి దగ్గరికి చేరేసరికి ముడతలా మిగిలేది.

నాలుగింటికి పక్షి నీళ్ళలోకి జారింది. దాని వీపు మీద మసిముద్దల్లాంటి పిల్లలు రెండు. ఓర్విన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎడమ చెయ్యి లాగేస్తోంది. కూచోడం కూడా బరువేనని లవోన్‌కి చెప్పాలనుకున్నాడు.

ఆరింటికి పడవలోంచి ట్రెంట్ కూతుళ్ళు చేతులూపితే అతను ఊపలేదు.

“చేప తగులుతున్నట్టుందర్రా, కదిలించకండి,” అని ట్రెంట్ మెల్లగా దాటించాడు.

పొద్దువాలాక తిరిగొస్తుంటే అప్పుడూ ఊపలేదు. ఈ సరస్సు మీద ఓర్విన్ బదులివ్వని చెయ్యి అంతవరకూ లేదు. ట్రెంట్ ఇంజన్ కట్టేసి, చేత్తో నీళ్ళు తోసుకుంటూ దగ్గరికొచ్చాడు.

“పెద్దాయనా,” అన్నాడు. భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు. కాసేపటికి, బిగుసుకున్న వేళ్ళ నుంచి కర్ర విడిపించి, పక్షిపిల్లలకు గాలం గుచ్చుకోకుండా తాడును జాగ్రత్తగా చుట్టాడు.

తాడు చివర గాలం లేదు. రెండు ముడులేసి కట్టిన తుప్పు ఇనపనట్టు ఒకటి, నీళ్ళు కారుతూ ఊగుతోంది.