అలివేలుమంగ గారి గ్రనడా ప్రయాణం

అలివేలుమంగ సౌదీలో ఖఫ్జీ అనే ఊరికి, కూతురి దగ్గరికి వచ్చి అయిదు నెలలు దాటినా అల్లుడితో ఒక్క ముక్క నేరుగా మాట్లాడలేదంటే ఎవరూ నమ్మరు. పెద్దాపురం హైస్కూల్లో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పిన మనిషి ఆవిడ. వరండాలో ఆవిడ దగ్గితే చాలు, పదో తరగతి మగపిల్లలు కూడా బెంచీల మీద సర్దుకుని కూర్చునేవాళ్లు. అంతటి మనిషి, అల్లుడు హేమసుందర్ చమురు బావుల దగ్గర డ్యూటీ ముగించుకుని గుమ్మంలో బూట్లు విప్పుతున్న చప్పుడు వినపడితే చాలు, నోటికి తాళం వేసుకునేది. అల్లుడికి ఎదురుపడి మాట్లాడకూడదు, అదీ ఆవిడ పుట్టింటి మర్యాద. వాళ్లమ్మ తలుపు చాటు నుంచి మాట్లాడేది. పాపం ఈవిడకి ఆ వీలు కూడా లేదు. కంపెనీ వాళ్లిచ్చిన ఫ్లాటులో వంటింటికీ హాలుకీ మధ్య తలుపు మాట దేవుడెరుగు, గోడే లేదు. అందుకని ఫ్రిజ్ తలుపు తెరిచి, దాని చాటున నిలబడి కూతురు చరితతో చెప్పేది.

"అల్లుడుగారికి పప్పు ఇంకొంచెం వడ్డించనా, అడుగమ్మా."

"ఇంకొంచెం పప్పు వెయ్యనా అంటోంది అమ్మ," అని చరిత మొగుడి వైపు తిరిగేది.

అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చున్న హేమసుందర్, "చాలని చెప్పు. పప్పు చాలా బాగుందని కూడా చెప్పు," అనేవాడు.

చరిత పిల్లల డాక్టరు. రోజంతా ఆస్పత్రిలో తల్లులకి వచ్చీరాని అరబ్బీలో నచ్చజెప్పి, ఇంటికొచ్చాక తెలుగులోంచి తెలుగులోకి తర్జుమా చెయ్యాల్సి రావడం ఆ పిల్ల ప్రాణానికొచ్చింది. అలాగని అత్తా అల్లుళ్లకి పడదేమో అనుకునేరు, అదేం లేదు. అతనికి ఇష్టమని వారానికి రెండుసార్లు గుత్తొంకాయ కూర చేసేది ఆవిడ. ఆవిడకి కావాలని దమ్మామ్ వెళ్లినప్పుడల్లా నాలుగు కొట్లు తిరిగి పచ్చి కరివేపాకు పట్టుకొచ్చేవాడు అతను. ఒకరంటే ఒకరికి బోలెడంత ఇష్టం, మాటలే లేవు.

విజిట్ వీసా మీద వచ్చినవాళ్లు మూడు నెలలకోసారి దేశం దాటి రావాలి. అక్కడ మనవాళ్లందరూ చేసే పని ఒకటే. అమ్మనీ నాన్ననీ కారెక్కించుకుని, ఖోబర్ దగ్గర వంతెన మీదుగా బహ్రెయిన్ వెళ్లి, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని, దోశ తిని, సాయంత్రానికి వెనక్కి వచ్చేస్తారు. అలివేలుమంగ ఒకసారి ఆ ముచ్చట తీర్చుకుని వచ్చింది. రెండోసారి గడువు ఇంకో నెల ఉందనగా, ఒక సాయంత్రం హాల్లో హేమసుందర్ టీవీలో ఓడలేవో చూస్తూ, "కొలంబస్‌ని పంపింది పోర్చుగల్ రాజు కదూ," అన్నాడు చరితతో.

"కాదు," అని ఫ్రిజ్ వెనకనుంచి వినిపించింది.

మరుక్షణం అలివేలుమంగ చేతిలో గరిటెతో హాలు మధ్యకి వచ్చేసింది. "పోర్చుగల్ రాజు పొమ్మన్నాడు. పంపింది స్పెయిన్ రాణి. ఎప్పుడు? గ్రనడా కోట చేజిక్కాక. పద్నాలుగు వందల తొంభై రెండు. జనవరిలో కోట, ఆగస్టులో ఓడలు. రాసుకోండి."

రాసుకోండి అన్నాక గాని తానెవరితో అన్నదో ఆవిడకి తెలియలేదు. గరిటె పైటచెంగులో దాచేసుకుని వెనక్కి వెళ్లిపోయింది. చరిత నవ్వాపుకోలేక దిండులో మొహం దాచుకుంది. హేమసుందర్ మాత్రం నవ్వలేదు. కాసేపు ఫ్రిజ్ వైపే చూసి, "చరితా, ఈసారి బహ్రెయిన్ వద్దు. గురువారం రాత్రి బయల్దేరి గ్రనడా వెళ్దాం. శుక్ర, శనివారాలు ఎలాగూ సెలవు, ఆదివారం లీవు పెడదాం. ఎగ్జిట్ ఎక్కడైతేనేం, ఎగ్జిట్టే కదా. అత్తయ్యగారికి ఇష్టమేమో అడుగు," అన్నాడు.

ఇష్టమేమిటి నా మొహం. ముప్పై ఏళ్లపాటు గోడకి వేలాడే మ్యాపు మీద బెత్తం ఆనించి చూపించిన ఊరది. ఆ కొండమీది కోట గురించీ, సింహాలు నీళ్లు చిమ్మే ముంగిలి గురించీ ఎంతమంది పిల్లలకి చెప్పిందో లెక్కలేదు. తాను మాత్రం తిరుపతి, హైదరాబాదు, ఇదిగో ఈ ఖఫ్జీ దాటి ఎరగదు. జన్మలో మొదటిసారి అలివేలుమంగకి తన కోసం తనకంటూ ఒకటి కావాలనిపించింది. "సరేనని చెప్పమ్మా," అంది.

ఆ మర్నాటి నుంచి ఇల్లు ఇల్లులా లేదు. ఆవిడ ఫోన్‌లో వీడియోలన్నీ చూసి, ప్రయాణానికి బడి పద్ధతిలో టైంటేబుల్ వేసి ఫ్రిజ్ మీద అంటించింది. శుక్రవారం మొదటి పీరియడు విమానం దిగడం, రెండో పీరియడు రైలు, ఇంటర్వెల్లో కాఫీ. శనివారం రెండు పీరియడ్లు కలిపి కోట. ఆదివారం తిరుగు ప్రయాణం, లాంగ్ బెల్. కోట టికెట్లు ఊరికే అయిపోతాయట, హేమసుందర్ ముగ్గురి పేర్లతో ముందే తీసేశాడు.

"రైలు దిగి హోటలుకి నడవగలరేమో అత్తయ్యగార్ని అడుగు."

"పెద్దాపురం కొండెక్కి దిగినదాన్ని, కాళ్లకేం రోగమని చెప్పమ్మా అల్లుడుగారికి."

ఎక్కువ సంతోషం మాత్రం చరితది. పెళ్లయి మూడేళ్లయినా మొగుడూ పెళ్లాలు కలిసి ఎక్కడికీ పోలేదు. ఆ అమ్మాయికి నైట్ డ్యూటీ అయితే అతనికి ఫీల్డు, ఇద్దరికీ సెలవు దొరికితే ఎవరిదో ఒకరి పెళ్లి. ఇప్పుడు ఆ పిల్ల సూట్‌కేసు తెరిచి పెట్టుకుని, రోజుకో చీర పెట్టి, మర్నాడు తీసి, కూనిరాగాలు తీస్తోంది. కూతురు పాడగా విని ఎన్నేళ్లయిందో అలివేలుమంగకి గుర్తు రాలేదు.

చరిత దగ్గర పోయినేడు కాన్ఫరెన్సుకి తీసుకున్న యూరప్ వీసా ఇంకా ఉంది. మిగిలిన ఇద్దరికీ ఖోబర్‌లో వీసా సెంటర్‌కి వెళ్లి వేలిముద్రలు ఇవ్వాలి. ఆ రోజు చరితకి డ్యూటీ. అంటే అత్తగారూ అల్లుడూ, మధ్యలో ఎవరూ లేకుండా, మూడు గంటల దారి.

అలివేలుమంగ వెనకసీట్లో ఓ మూలకి ఒదిగి కూర్చుంది. కారు ఖఫ్జీ దాటకముందే హేమసుందర్ చరితకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"అత్తయ్యగారికి ఏసీ ఎక్కువైందేమో అడుగు."

"అమ్మా, ఏసీ ఎక్కువైందా?"

"లేదని చెప్పమ్మా."

"లేదట. ఇంక నా వల్ల కాదు, ఇక్కడ పిల్లాడికి సెలైన్ పెట్టాలి," అని చరిత ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత కార్లో ఇంజిన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. దారికి అటూ ఇటూ ఇసుక, కరెంటు తీగలు, అప్పుడప్పుడూ ఒంటెలు. ఆవిడకి దాహం వేసింది గాని, అడగడానికి మనిషేదీ? అతనే ఏమనుకున్నాడో, ఓ పెట్రోలు బంకు దగ్గర ఆగి నీళ్ల సీసా తెచ్చి, మూత వదులు చేసి, వెనక్కి చూడకుండా సీటు మీదుగా అందించాడు.

వీసా సెంటర్లో కౌంటరు అమ్మాయి హేమసుందర్ కాగితాలు చూసి తలూపింది. అలివేలుమంగ పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి, "ఈవిడ ఇకామా?" అని ఇంగ్లీషులో అడిగింది. ఇకామా అంటే ఇక్కడ ఉంటున్నవాళ్లకి ఇచ్చే కార్డు. చుట్టపుచూపుగా వచ్చినావిడకి అదెక్కణ్ణించి వస్తుంది? విజిట్ వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడినుంచి దరఖాస్తు పెట్టడానికి కుదరదనీ, వాళ్ల దేశం వెళ్లి పెట్టుకోవాలనీ ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. హేమసుందర్ బతిమాలాడు. టికెట్లు చూపించాడు. కోట టికెట్ మీద అత్తగారి పేరు వేలితో చూపించాడు. అలివేలుమంగ పక్కనే నిలబడి అంతా వింది. ఇంగ్లీషు ఆవిడకి రాకపోలేదు.

అతను రెండు ఫైళ్లూ తీసుకుని బయటికి నడిచాడు. కార్లో ఎక్కి రెండూ పక్కసీట్లో పడేసి, చరితకి ఫోన్ కలిపాడు. ఎత్తలేదు. మళ్లీ కలిపాడు. ఎత్తలేదు. కారు ఖఫ్జీ దారి పట్టింది. వెనకసీట్లో అలివేలుమంగ, ముందుసీట్లో ఉన్న రెండో ఫైలు వైపే చూస్తోంది. అది అతనిది. అదెందుకు వెనక్కి తెచ్చాడు? అడగాలి. ఎవరితో అడిగించాలి? ఫోన్ మూగనోము పట్టింది. సెంటర్ మధ్యాహ్నానికల్లా మూసేస్తారట. ఆవిడ నోరు తెరిచింది, మూసింది. ఇంకో సిగ్నల్ దాటింది.

"బాబూ, కారాపండి."

హేమసుందర్ ఎంత ఉలిక్కిపడ్డాడంటే, కారు రోడ్డు పక్కకి తీసి ఆపేదాకా అతనికి ఊపిరాడలేదు. తల తిప్పి చూశాడు.

"మీ ఫైలు ఇచ్చారా?"

"లేదండీ."

"ఎందుకివ్వలేదు?"

"మీరు లేకుండా ఎక్కడికెళ్తాం అత్తయ్యగారూ? ఇది మీ కోసం అనుకున్నది. కాన్సిల్ చేసేద్దాం," అని స్టీరింగ్ వైపు చూస్తూ ఆగాడు. "తప్పంతా నాదేనండీ. బహ్రెయిన్ వంతెన మీద మిమ్మల్ని ఎవరూ ఇకామా అడగలేదు కదా, ఇంకెక్కడా అడగరనుకున్నాను. ఆ రోజు మీరు గరిటె పట్టుకుని వచ్చి కొలంబస్ గురించి చెప్పారే, మీ గొంతు నేను సరిగ్గా విన్నది అప్పుడే. ఇంకాస్త వినాలనిపించింది. ఆశ పెట్టి ఇలా చేశాను."

అలివేలుమంగ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. దాచుకోవాలని చూడలేదు.

"నాకు చూడాలనుంది. మీ దగ్గర అబద్ధమెందుకు, ఏడుపు కూడా వస్తోంది. కానీ నా పిల్ల పాట పాడుతోంది బాబూ. మూడేళ్లుగా ఆస్పత్రీ ఇల్లూ తప్ప ఎరగని పిల్ల, ఆ సూట్‌కేసు ముందు కూర్చుని పాడుతోంది. ట్రిప్పు లేదని దానితో చెప్పే ధైర్యం మీకుందా? నాకు లేదు."

అతను పక్కసీట్లోంచి తన ఫైలు చేతిలోకి తీసుకున్నాడు.

"తప్పు చేసిన పిల్లాణ్ణి నేనెప్పుడూ క్లాసు బయట నిలబెట్టలేదు. లోపల కూర్చోబెట్టి మళ్లీ రాయించేదాన్ని. కారు తిప్పండి. వాళ్లు మూసేస్తారు."

కారు తిరిగింది. కౌంటరు మూసే వేళకి హేమసుందర్ ఫైలు ఇచ్చి, వేలిముద్రలు వేసి, పాస్‌పోర్టు తర్వాత పంపిస్తానని వెనక్కి తీసుకుని, నుదురు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. వచ్చేసరికి అలివేలుమంగ ముందుసీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటోంది. ఇద్దరి పాస్‌పోర్టులూ చేతిలోనే ఉన్నాయి, వంతెన ఎదురుగానే ఉంది. ఇంకేం, పనిలో పనిగా ఆవిడ ఎగ్జిట్ కూడా ముగించుకుని వద్దామని బహ్రెయిన్ వైపు పోనిచ్చాడు. అయిదు నెలల మాటలు లోపల నిలవున్నాయేమో, వంతెన పొడుగునా ఆవిడ ఆపకుండా చెబుతూనే ఉంది. కోట చుట్టూ ఎంతకాలం దండు కాపలా కాసిందీ, ఆఖరి సుల్తాను తాళాలెలా అప్పజెప్పిందీ, కొండమీదికి నీళ్లెలా ఎక్కించారూ, అన్నీ. మధ్యలో చరిత ఫోన్ చేసింది.

"అమ్మా, ఏమైంది? ఆయనేమన్నారు?"

"నాకు రాలేదు, ఆయనకి వస్తుంది. మీరిద్దరూ వెళ్తున్నారు. ఇక్కడ సుల్తాను ఏడుస్తున్నాడు, తర్వాత చెయ్యి," అని పెట్టేసింది అలివేలుమంగ. హేమసుందర్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

తల్లిని వదిలి వెళ్లనని చరిత రెండు రోజులు అలిగింది. ఎదురింటి నాజ్నీన్ వచ్చి, ఆ మూడు రోజులూ ఆంటీ మా ఇంట్లోనే అని తేల్చి చెప్పాక గాని ఒప్పుకోలేదు. నాజ్నీన్‌ది హైదరాబాదు. ఆవిడకి అలివేలుమంగ పెట్టిన గోంగూర పచ్చడి అంటే ప్రాణం.

శనివారం కోట పీరియడు వేళకి అలివేలుమంగ నాజ్నీన్ ఇంట్లో సోఫాలో తయారుగా కూర్చుంది. ఎందుకో తెలియదు గాని మంచి చీర కట్టుకుంది. ఫోన్ మోగింది. చేసింది అల్లుడు.

"వచ్చేశామండీ. ఎటు వెళ్లమంటారు?"

"ముందు పొడుగాటి కొలనుంటుంది. దాన్ని దాటండి. కంగారు లేదు, మెల్లిగా. ఇప్పుడు గోడలు చూపించండి. ఇంకా పైకి. ఊఁ, ఇప్పుడు సింహాలు."

తెర మీద తెల్లటి స్తంభాలు ఊగుతూ వచ్చి నిలిచాయి. నడుమ రాతితొట్టెని మోస్తూ సింహాలు. పన్నెండూ ఉన్నాయి, ఆవిడ లెక్కపెట్టుకుంది. పాఠంలో చెప్పినట్టే వాటి నోళ్లలోంచి నీళ్లు పడుతున్నాయి.

"నీళ్ల చప్పుడు వినిపించండి బాబూ."

అతను ఎవరేమనుకుంటారో చూసుకోకుండా చెయ్యి చాచి ఫోన్ వీలైనంత ముందుకి పెట్టాడు. ఖఫ్జీలో ఆ గదినిండా నీళ్ల చప్పుడు వినిపించింది. నాజ్నీన్ టీ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అలివేలుమంగకి కళ్లు నిండాయి.

"చాలా బాగుంది," అంది. "నేనక్కడుంటే ఇంకా బాగుండేది. వచ్చే ఏడు మా ఊరినుంచే వీసా పెట్టుకుంటాను. ఈసారి టికెట్లు కొనేముందు నా కాగితాలు చూసి ఏడవండి."

"అలాగేనండీ," అన్నాడు హేమసుందర్, తిట్టించుకున్నందుకు మహా సంతోషంగా. "ఇంకేం చూపించను?"

"మీరిద్దరూ కనపడండి."

ఫోన్ తిరిగింది. వాళ్లిద్దరూ ఓ స్తంభం పక్కన నిలబడి ఉన్నారు. చరిత జుట్టు గాలికి చెదిరి, ఎండకి మొహం కందిపోయి ఉంది. మొగుడి చెయ్యి పట్టుకుని, తల్లి చూస్తోందని గుర్తొచ్చి వదిలేసి, మళ్లీ పట్టుకుంది. ఆస్పత్రి నుంచి వచ్చి సోఫాలో కూలబడే పిల్ల కాదు, ఎప్పుడో పెద్దాపురంలో వదిలేసి వచ్చిన పిల్లలా నవ్వుతోంది. అలివేలుమంగ మాట్లాడలేదు. ఎంతసేపటికీ మాట్లాడలేదు.

"అత్తయ్యగారూ, లైన్ కట్టయిందా?"

"లేదు బాబూ, ఉంది," అంది ఆవిడ. "చూస్తున్నాను."