పోటీలో మిగిలిన ఎల్లారావు

భీమిలి దగ్గర చేపలవాళ్ళ పేటలో ఉండే మైలపల్లి ఎల్లారావుకి ఎమ్మెల్యే కావాలన్న ఆశ ఏనాడూ లేదు. అతనికి ఉన్నదల్లా పేరు. ఈసారి గెలుపు ఖాయమని అందరూ అనుకుంటున్న పెద్ద పార్టీ అభ్యర్థి పేరు కూడా మైలపల్లి ఎల్లారావే. ఆయనా వేటకెళ్ళే ఇంట్లో పుట్టినవాడే. తుఫానొస్తే అధికారుల కంటే ముందు ఒడ్డుకొచ్చి నిలబడే మనిషి.

ఎదుటి పార్టీ తరఫున గురునాథరావు అనే అతను ఓ సాయంత్రం కొత్త వల తెచ్చి అరుగు మీద దించాడు.

"నామినేషను కాయితం మీద సంతకం పెట్టు బావా, సాలు. ప్రచారం అక్కర్లేదు. పేరు కింద పేరుంటే నాలుగు ఓట్లు అటూ ఇటూ అవుతాయి, అంతే."

"తప్పు కదేటి బావా?"

"నీ పేరుతో నువ్వు నిలబడితే తప్పేటి?"

భార్య నూకాలు వద్దని తలుపు చాటునుంచి సైగ చేసింది. ఎల్లారావు వల వైపు చూశాడు, సంతకం పెట్టాడు. ఎన్నికల గుర్తుగా అతనికి కుట్టుమిషను ఇచ్చారు.

నామినేషన్లు వెనక్కి తీసుకునే గడువు దాటాక, ఒక మధ్యాహ్నం పెద్ద పార్టీ ఎల్లారావు ప్రచార వ్యాను పేటలోకి వచ్చింది. ఎల్లారావు మొహం చెల్లక ఇంట్లోనే కూర్చున్నాడు. "నేను మీ ఎల్లారావుని..." అని మైకు పలికింది. తన పేరు తన ఇంటి గోడలకు తగిలి లోపలికొచ్చింది. తరవాతి మాట రాలేదు. మైకు ఒక్కసారి కీచుమంది, జనం కేకలేశారు. వ్యాను మీదే గుండె ఆగి కూలిపోయిన మనిషి ఆస్పత్రి దాకా బతకలేదు.

"ఎల్లారావు పోనాడు! మన ఎల్లారావు పోనాడు!" అని ఆడవాళ్ళు వీధిలో గుండెలు బాదుకుంటుంటే, లోపల ఎల్లారావు తన చెయ్యి తానే పట్టుకుని చూసుకున్నాడు.

పోలింగు వాయిదా పడింది. ఆయన భార్య దేవిని పార్టీ నిలబెట్టింది. మిగతావాళ్ళు మాత్రం పోటీలో అలాగే ఉంటారని, ఇప్పుడు తప్పుకోవడం కుదరదని ఎన్నికల ఆఫీసులో ఎల్లారావుకి చెప్పారు. అలా పోయినాయన పేరు ఓటింగు మిషను మీద మిగిలిపోయింది, ఇతని ఫొటోతో.

అప్పట్నుంచి జనం అతన్ని చూసే తీరు మారింది. చేపల బుట్టలు దింపి, ఏమీ అనకుండా భుజం తాకి వెళ్ళేవారు. గడ్డం గీసుకుంటున్నప్పుడు, గోడ మీది పోస్టర్లో ఆయన నవ్విన నవ్వు అద్దంలో తన పెదాల మీదికి వస్తుందేమోనని అతనికి భయం వేసేది.

ఒకనాడు పోయినాయన తల్లి గంగాలమ్మ వచ్చింది. చూపు ఆనదు. అతని మొహం తడిమింది.

"ఎల్లా, ఓపాలి పలుకురా."

"అమ్మా, నాను నీ కొడుకుని కాను. నాకు ఓటెయ్యకు. నీ కోడలికెయ్యి."

"కోడలు బాగుండాల. కానీ ఆడి పేరు అందులో ఉందంట గదా. ఆడి పేరుండగా ఇంకోరికి ఎలాగెయ్యమంతావు?"

ఎల్లారావు మర్నాటి నుంచి వేట మానేసి ఇల్లిల్లూ తిరిగాడు. "నాకెయ్యకండి, ఆయమ్మకెయ్యండి" అని దండాలు పెట్టాడు. అందరూ విన్నారు. తలలూపారు. అతని గొంతు వింటూ కళ్ళు తుడుచుకున్నారు.

దేవి ఓడిపోయింది. ఆమె ఓడిన తేడా కంటే కుట్టుమిషనుకి పడ్డ ఓట్లే ఎక్కువ.

ఫలితం విన్న ఎల్లారావు తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాడు. దేవి ఒక్కతే వసారాలో కూర్చుని ఉంది.

"సెప్పుతో కొట్టండమ్మా నన్ను."

"కూకో అన్నా" అంది దేవి. "పెళ్ళైనకాడ్నించీ ఆయన పేరు నాను నోటితో అన్లేదు. అనకూడదన్నారు. బూతులోకి ఎల్తే అక్కడ రాసుంది. పక్కన నీ ఫొటో ఉంది, నా పేరూ పైన ఉంది, అన్నీ కనపడతన్నాయి. ఆ పేరు ఓపాలి ముట్టుకుందారని ఏలెట్టినాను. పక్కన బటన్ మీదకి జారిపోనాదో, నానే నొక్కేసినానో! మిషను కూత కూసేసింది." సిరా మరక ఉన్న వేలు చూసుకుంది. "నా ఓటు నీకే పడ్డాదన్నా."

"నాకు కాదమ్మా" అన్నాడు ఎల్లారావు. "ఆయనకే."

దేవి తలూపింది.

లోపల్నుంచి గంగాలమ్మ కేకేసింది, "ఎవరే వొచ్చినారు?"

ఇద్దరిలో ఎవ్వరూ పేరు చెప్పలేదు.