బొడ్డు కోసిన వేళ

"ఈసారైనా మంచి ఘడియలో కనవే" అంది మా అత్త కనకరత్నం నిన్న, ఇసుకలో పరిచిన పాత వల మీద ఎండుతున్న నెత్తళ్ళ చేపలు తిరగేస్తూ. నిండు నెలలతో పక్కనే వంగి నేనూ తిరగేస్తున్నాను. ఘడియ నా చేతిలో ఉన్నట్టు! మా ఇళ్ళల్లో బిడ్డ బయటపడితే పుట్టినట్టు కాదు, బొడ్డు కోసినప్పుడే పుట్టినట్టు లెక్క.

పోయిన కాన్పుకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చి బందరు ఆసుపత్రిలో చేరాను. అత్త పంచాంగం చూపించుకుని వచ్చి గది తలుపు దగ్గర నిలబడింది. కాసేపట్లో ఆశ్లేష వస్తుందట, అందులో పుడితే తండ్రికి గండమట. తండ్రేమో సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. పాప బయటపడిందో లేదో, త్వరగా కోసెయ్యమని బయటినుంచే కేకేసింది. ఎలాగూ వెంటనే కోసేదేగా అంటూ డాక్టరమ్మ కత్తెర అందుకుంది. నా తొడకి ఆనుకున్న బొడ్డుతాడు ఇంకా కొట్టుకుంటోంది. అది నాకు తెలుస్తూనే ఉంది. నన్నెవరూ అడగలేదు.

పాప పాలిపోయి, ఏడవడానికైనా ఓపిక లేనట్టుండేది. పేరు పెట్టకుండానే పోయింది. నెలలు తక్కువ కదా, అందుకేనంది డాక్టరమ్మ. కావచ్చు. తొందరపడి కోసినందుకేనని నేనూ అనలేను. కానీ దానికి అందాల్సిందేదో నా దగ్గరే ఉండిపోయిందని మాత్రం మనసు కొట్టుకుంటూనే ఉంది. పాలు గడ్డకట్టి రొమ్ములు సలుపుతుంటే గోడవైపు తిరిగి ఏడ్చేదాన్ని.

"ఇంకా ఏంటే ఆ ఏడుపు? అమ్మ తొందరపడింది నా కోసమేగా" అన్నాడు మా ఆయన శ్రీహరి.

అతను వేట నుంచి క్షేమంగా తిరిగొచ్చిన ప్రతిసారీ నాకు సంతోషమే. ఆ సంతోషం మీద కోపం కూడా వస్తుంది.

మొన్న చెకప్‌కి వెళ్ళినప్పుడు నర్సు వినీలని అడిగాను, కాసేపాగి కోస్తే ఏమవుతుందని. వెంటనే కోయాలని కొందరు, ఆగితే బిడ్డకి రక్తం పడుతుందని కొందరు, డాక్టర్లే ఇంకా వాదించుకుంటున్నారంది. తర్వాత "నీకెలా కావాలి?" అంది. ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఆగమన్నాను. బిడ్డ బాగా ఏడిస్తే ఆగుదామని డాక్టరమ్మని తనే ఒప్పించింది.

ఇవాళ మళ్ళీ అదే కాన్పు బల్ల. బిడ్డ గట్టిగా ఏడ్చి, నా పొట్ట మీద వెచ్చగా సర్దుకుంది. తాడు కొట్టుకుంటూనే ఉంది. కత్తెర పట్టుకుని వినీల నా మొహంలోకి చూస్తోంది.

"కోశారా? వర్జ్యం వచ్చేస్తోంది" అంది అత్త, తలుపు అవతలినుంచి.

"నేనింకా కోయమనలేదత్తా" అన్నాను.