తలకు దెబ్బ తగిలినవాణ్ణి అడిగే ప్రశ్నలు

ఆటలో తలకు దెబ్బ తగిలితే డాక్టరు మూడు ప్రశ్నలు అడుగుతాడు. ఇవాళ తేదీ ఎంత? ఎవరితో ఆడుతున్నాం? కిందటి ఆట ఎవరు గెలిచారు? సరిగ్గా చెప్పినవాడు మైదానంలోకి, తడుముకున్నవాడు ఇంటికి. రూలు మంచిదే. దానికి విరుగుడు కూడా మైదానంలోనే పుట్టింది: మణికట్టుకు చుట్టుకునే పట్టీ లోపలివైపు జవాబులు రాసుకోవడం. ఆ ఉపాయం కనిపెట్టిన మహానుభావుడే ఇవాళ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆడే రోజుల్లో ఆయన్ని అందరూ ‘గోడ’ అనేవారు. పదహారేళ్లపాటు వచ్చిన బంతినల్లా తలతోనే ఆపాడు మరి.

ఫైనల్ రోజు మధ్యాహ్నం. డ్రెస్సింగ్ రూము పక్కనున్న చిన్న గదిలో, జట్టు డిఫెండరు బల్లమీద కూర్చున్నాడు. మూడు రోజుల కిందట సెమీఫైనల్లో వాడి తల ఇంకొకడి తలకు కొట్టుకుంటే, ఆ చప్పుడు పై వరస జనానికి కూడా వినిపించింది. పక్కన వాడి భార్య, ఎదురుగా డాక్టరు, కార్యదర్శి నిలబడి ఉన్నారు.

డాక్టరు అడిగాడు. డిఫెండరు మణికట్టు కాస్త తిప్పుకుని మూడింటికీ టకటకా చెప్పేశాడు.

“భేష్! నా శిష్యుడనిపించావురా,” అన్నాడు కార్యదర్శి.

“ఏం భేష్, అన్నయ్యగారూ! పొద్దున తలుపు తీసి నన్ను చూసి ‘ఎవరు కావాలండీ’ అన్నారు. వేళాకోళమేమో అనుకున్నా. ఆయన నవ్వలేదు.”

“పెళ్లాన్ని మర్చిపోవడం జబ్బు కాదమ్మా, వరం!”

డిఫెండరు కూడా నవ్వాడు. కాస్త ఆలస్యంగా, కిటికీ వైపు చూస్తూ.

“ఆడొచ్చన్న కాగితం మీద నేను సంతకం పెట్టను సార్,” అన్నాడు డాక్టరు.

“నువ్వు పెట్టకపోతే నేను పెడతా. నాకెన్ని తగల్లేదు? గుండ్రాయిలా లేనూ? ఏరా, ఆడతావా?”

“ఆడతానన్నా.”

ఇంకో జవాబు చెప్పే ఆటగాణ్ణి మీరెక్కడైనా చూశారా? కాదంటే రేపు వాడి చొక్కా మరొకడి ఒంటిమీద ఉంటుంది.

కార్యదర్శి కాగితం లాక్కుని, ఎదుటి జట్టు పేరు రాసి, సంతకం చేసి, తేదీ వేసి ఇచ్చాడు. డాక్టరు చదివి తేదీ మీద వేలు పెట్టాడు.

“సార్, ఇది ఇరవై రెండేళ్ల కిందటి తేదీ. ఈ జట్టు ఇప్పుడు లేదు.”

“పరాకులే,” అని కొట్టేసి మళ్లీ రాశాడు. మళ్లీ అదే తేదీ. చెయ్యి ఆయనదే, రాసేవాడు మరెవడో. మూడోసారి కలమెత్తి ఆగిపోయాడు. బయట జనం హోరెత్తుతున్నారు. ఆ హోరు ఇప్పటిదో అప్పటిదో ఆయనకు అంతుపట్టలేదు. ఎవరూ చెప్పకుండానే ఆయన చెయ్యి చాచి, డిఫెండరు మణికట్టు పట్టుకుని, పట్టీ లోపలికి తొంగి చూశాడు.

“తేదీ మొదటి వరసలో ఉందన్నా,” అన్నాడు డిఫెండరు మెల్లగా.

కార్యదర్శి వాడి మణికట్టు వదిలేశాడు. కాగితం నిలువునా చించేశాడు.

“అమ్మాయ్, వీణ్ణి ఇంటికి తీసుకుపో.”

“ఓడిపోతామన్నా!”

“ఓడిపోదాంరా. నన్నూ ప్రతిసారీ ఆడతావా అనే అడిగారు. కూర్చోరా అన్నవాడు ఒక్కడు లేడు.”

జట్టు ఓడింది. జనం కార్యదర్శిని నోటికొచ్చినట్టు తిట్టారు. అయ్యా, అమ్మా, ఆ జనంలో మీరూ నేనూ ఉన్నాం. దెబ్బ తిన్నవాడు తనంతట తాను వద్దనడు. వాడి బదులు వద్దనడమే పైనున్నవాడి మొదటి పని.