అతుకు నిలిచినన్నాళ్ళు

కిరసనాయిలు డబ్బా అడుగున చిల్లు పడితే సబ్బుముక్క రుద్ది మూశాను. మా అత్త వెంకటశేషమ్మ చూసి, "నీ చేతిలో ఏ వస్తువూ చావదు మే" అంది. ఆ మాటకు పొంగిపోయిన రోజులూ ఉన్నాయి. నెర్రె ఇచ్చిన తొట్టికి సున్నం, బెల్లం కలిపి పూశాను. అరిగిన బావి గిలకకు చింతకొయ్య చెక్కి బిగించాను. వచ్చిన చిక్కల్లా అవన్నీ నిలవడమే. నిలిచాక కొత్తది కొనేదెవరు? నా పనితనమే నా మెడకు చుట్టుకుంది.

మూడో కాన్పయ్యాక పచ్చిబాలింతగానే వడ్లు దంచాను. ఒకరోజు రోకలి ఎత్తుతుంటే లోపలిదేదో కిందికి జారింది. అది గర్భసంచి అని అప్పుడు తెలియదు. ఎవరికి చెప్పుకోను? దానికీ నేనే ఉపాయం చేసుకున్నాను. పాత చీర చింపి, ఉండ చుట్టి లోపలికి నెట్టి, పైన గోచీ బిగించి నాట్లకు పోయాను. గుడ్డ ఒరుసుకుని పుండు పడేది. ఒంటేలుకు కూర్చుంటే మంట. ఊళ్ళో టీకాలు వెయ్యడానికొచ్చిన నర్సు ఆనందకుమారి నా నడక చూసి, లోపలికి పిలిచి పరీక్ష చేసింది. "ఇది గుడ్డతో ఆగేది కాదమ్మా. నెల్లూరు పెద్దాసుపత్రిలో ఆపరేషను చేస్తారు. పుండు ముదరనియ్యబాక" అంది.

మా ఆయనతో చెప్పాను. కసురుకుంటాడనుకున్నాను, కసరలేదు. "నాట్లు కానీ, చూస్తాం" అన్నాడు. నాట్లయ్యాక కోతలన్నాడు. అలా ఏళ్ళు గడిచాయి.

నిన్న ఆయిల్ ఇంజను బెల్టు తెగింది. మొలగొలుకుల వరిచేను పొట్టమీద ఉంది, నీళ్ళు ఆగకూడదు. తోలువారుతో కుట్టి ఇచ్చాను. ఇంజను తిరిగింది కూడా. అయినా ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అతుకుతో ఎన్నాళ్ళు లాగిస్తామే? నడమన తెగిందంటే మిషనే పాడైపోద్ది. పొద్దున బస్సుకు నెల్లూరు పోయి కొత్తది తెస్తా."

"ఎటూ పోతా ఉండారు గదా, నన్ను గూడా తీసకపోండి. ఆసుపత్రిలో చూపించుకుంటా."

ఆయన నవ్వాడు, ముద్దుగానే. "నీకేందే? ఇన్నేళ్ళు ఎట్టో సర్దుకొచ్చినావు. నీకు తెలీని ఉపాయమా?"

ఒళ్ళు మండిపోయింది. ఇంజనుకు పనికిరాని అతుకు నాకు సరిపోతుందట. తిడితే తిరిగి ఒక మాట అనేదాన్ని. మెచ్చుకునేవాడితో ఏం పోట్లాడను? తెల్లారి ఆయన ఒక్కడే బస్సెక్కిపోయాడు. నేను పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను.

అత్త లోపలికి వచ్చింది. వంగి పని చెయ్యనని రోజూ నన్ను సాధించే మనిషి. ఇప్పుడూ ఏదో ఒకటి అంటుందనుకున్నాను. తలుపు దగ్గరికి వేసి, మడత పెట్టిన తెల్లగుడ్డ ఒకటి నా ఒళ్ళో పెట్టింది.

"కోకగుడ్డ కోసకపోద్ది మే. పాత పంచె అయితే మెత్తగా ఉంటాది. ఉడకబెట్టి, ఆముదం రాసి పెట్టుకో."

"నీకెట్టా తెలుసత్తా?"

ఆమె పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. "నీ మొగుడు పుట్టినప్పుడు జారింది నాకు. ఈ పొద్దుకీ వాడికి తెల్దు."