పదో విద్యార్థి

నలభై నిమిషాలు పాఠం చెప్పాను. చేతులు ఊపుతూ, టార్చిలైటు వెలిగిస్తూ ఆర్పుతూ, గొంతు ఎండిపోయేదాకా చెప్పాను. తీరా రికార్డింగు పెట్టి చూస్తే మైకు ఆపేసి ఉంది. మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా నా నోరు ఆడుతూనే ఉంది, ఒక్క ముక్క వినపడదు.

ఇలాంటప్పుడు ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. నాకు అనలేదు. ఏడాదిగా నాకు ఏదీ ఏమీ అనిపించట్లేదు. సరే, ఇదొకటి అనుకుని గ్లాసుడు నీళ్ళు తాగాను.

నాది టీచర్ ట్రైనింగు చివరి సంవత్సరం. ఆన్‌లైన్ బోధన అని ఒక పేపరుంది. కనీసం పదిమంది విద్యార్థులతో క్లాసు తీసుకోవాలి, మధ్యలో క్విజ్ పెట్టాలి, టీచరు మొహం తెర మీద పెద్దగా కనపడాలి. అదంతా రికార్డు చేసి అదే రోజు సాయంత్రం ఐదింటిలోపు కాలేజీ సైటులో ఎక్కించాలి. తప్పితే మళ్ళీ ఏడాదికే. ఒక బళ్ళో ఐదో తరగతికి నన్ను తీసుకుంటామన్నారు, వచ్చే నెలకల్లా సర్టిఫికెట్టు చూపిస్తే. ఆ ఉద్యోగం నాకు కావాలి. పిల్లల మీద ప్రేమ పొంగిపోయి కాదు, పొద్దున్నే తలుపు తీసుకుని ఎక్కడికో ఒకచోటికి పోవాలి, అంతే. ఇంట్లో ఉంటే నేను కూడా ఒక కుర్చీనో బల్లనో అయిపోయేలా ఉన్నాను.

పదిమంది పిల్లల్ని ఎక్కణ్ణుంచి తెస్తాం? అందుకని మా బ్యాచి మొత్తం ఒక ఒప్పందానికొచ్చింది. నీ క్లాసుకి నేను విద్యార్థిని, నా క్లాసుకి నువ్వు. లోపలికొచ్చి, కెమెరా ఆపేసి, ఎవరి పనికి వాళ్ళు పోవడం. నేనూ అదే చేశాను, ఒకరి క్లాసులో తలంటుకున్నాను, ఇంకొకరి క్లాసులో నిద్రపోయాను. కాబట్టి ఎవరినీ అనే మొహం నాకు లేదు.

తొమ్మిదిమంది కుదిరారు. పదో మనిషికి ఆ పొద్దున్నే జ్వరమొచ్చింది. ఇక దిక్కులేక మా నాన్నని కూర్చోబెట్టాను.

మా నాన్నకి వినపడదు. ముప్పై ఏళ్ళు బట్టల మిల్లులో మగ్గాల షెడ్డులో పనిచేశాడు. ఆ మోతకి చెవులు కొంచెం కొంచెంగా పోయి, చివరికి పూర్తిగా పోయాయి. చెవికి మిషను పెట్టినా లాభం లేదన్నారు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ లోటు తెలియలేదు. నేను ఏదన్నా అంటే ఆవిడ చేస్తున్న పని ఆపి, ఆయన ఎదురుగా వచ్చి నిలబడి అదే మాట మళ్ళీ చెప్పేది. మా ఇద్దరికీ మధ్య ఆవిడే.

అమ్మ పోయి ఏడాది. అప్పట్నుంచి నేను ఆయనతో చీటీల మీద మాట్లాడుతున్నాను. "భోజనం బల్ల మీద ఉంది." "కరెంటు మనిషి వస్తాడు." "ఆలస్యమవుతుంది." అది సులువని ఆయనకి చెప్పాను. అసలు సంగతి, ఆయన మొహంలోకి చూడాలంటే నాకు భయం. చూస్తే అమ్మ లేదన్నది ఖాయమైపోతుంది.

ఆ రోజు కూడా చీటీయే రాశాను. "పదకొండింటికి ఈ తెర ముందు కూర్చో. ప్రశ్నలు వస్తే ఏదో ఒకటి నొక్కు. ఏం చెప్పానో పట్టించుకోనక్కర్లేదు." టాబ్లెట్టుని ముందు గదిలో బల్ల మీద ఆనించి పెట్టాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, చొక్కా మార్చుకుని వచ్చాడు. చొక్కా ఎందుకయ్యా బాబూ అనుకున్నాను గానీ చీటీ రాసే ఓపిక లేదు.

మైకు సంగతి ఇలా జరిగింది. క్లాసు మొదలయ్యే ముందు పక్కింట్లో ఎవరో గోడకి డ్రిల్లింగు మొదలుపెట్టారు. ఆ రొద పోవడానికి ఒక్క నిమిషం మైకు ఆపాను. మళ్ళీ తెరవడం మర్చిపోయాను. తెర మీద ఏదో హెచ్చరిక వచ్చినట్టే ఉంది. అయితే మా గడియారం నాకు నేర్పిన మొదటి పాఠం, అడ్డమొచ్చే డబ్బాలన్నీ చూడకుండా మూసెయ్యమని. గడియారం అంటే మా బ్యాచిలో ఒక పిల్ల. జన్మలో దేనికీ టైముకి రాదు కాబట్టి ఆ పేరు. నేను మూసేశాను. విద్యార్థుల వరస కూడా మూసేశాను, ఆ తొమ్మిది నల్లటి గళ్ళనీ, పదో గడిలో నాన్న నుదురునీ, పైన ఫ్యానునీ చూడలేక.

పాఠం నీడల గురించి. బల్ల మీద జిగురు సీసా పెట్టి, టార్చి పైనుంచి వేస్తే పొట్టి నీడ, కిందకి దించితే పొడుగు నీడ. బాగానే చెప్పాననుకున్నాను. మధ్యలో తెర మీది బోర్డు పేజీ ఇరుక్కుపోయింది. అది కదిలేలోపు ఊరికే నిలబడలేక నోటికొచ్చింది చెప్పాను, "మా వంటింటి కిటికీలో ఒక సీసా ఉండేది పిల్లలూ. దాని నీడ వంటగట్టు మీద మూడో రాతి పలక దాటితే మా అమ్మ గడియారం చూడకుండానే టైము చెప్పేది. ఎంతో చెప్పండి చూద్దాం?" ఎవరూ చెప్పలేదు. పేజీ కదిలింది, నేనూ కదిలాను.

ఇదీ జరిగింది. మధ్యాహ్నం పన్నెండవుతోంది. గడియారానికి ఫోను చేశాను.

"నా మాట నీకు వినపడలేదా?" అన్నాను.

"అయ్యో, నేను బట్టలారేస్తున్నానే! నీ గొంతు రావట్లేదేంటా అని ఒకసారి అనుకున్నా. నా ఫోనే ఏడిసిందనుకున్నా."

"చెప్పొచ్చుగా?"

"మిగతా ఎనిమిదిమంది ఉన్నారుగా, వాళ్ళు చెప్తార్లే అనుకున్నా."

మిగతా ఎనిమిదిమందీ కూడా ఇదే అనుకుని ఉంటారు. అడగదల్చుకోలేదు. మా మేడమ్‌కి చేశాను. ఆవిడ మంచిది, కానీ రూలంటే రూలు.

"మళ్ళీ క్లాసు పెట్టు," అంది.

"ఐదులోపు పదిమంది దొరకరు మేడమ్."

"పోనీ గొంతు విడిగా రికార్డు చేసి కలుపు. ఒప్పుకుంటాను. కానీ నీ నోరు ఏ మాట అందో ఆ మాటే వినపడాలి. కొత్త పాఠం చెప్పి అతికిస్తే మాత్రం తెలిసిపోతుంది, సున్నా వేస్తాను."

అలాగే మేడమ్ అన్నాను. ఏ మాట అన్నానో నాకే తెలిస్తే కదా. నా నోటిని నేనే చూస్తూ కూర్చున్నాను. ఇంత వింతగా ఆడుతుందా నా నోరు? పది నిమిషాల్లో రెండు వాక్యాలు పోల్చుకోగలిగాను. ఈ లెక్కన వచ్చే ఏడాదికి పూర్తవుతుంది, ఎలాగూ అప్పుడే కదా మళ్ళీ పరీక్ష.

ఊరికే క్విజ్ ఫలితాలు తెరిచాను. తొమ్మిదిమందిలో ఐదుగురు ఏమీ నొక్కలేదు. నలుగురు అన్నిటికీ మొదటి జవాబే నొక్కారు. పదో విద్యార్థి ఆరుకి ఆరు.

గుడ్డిగా నొక్కితే ఆరూ కలవవు. సందేశాల పెట్టె తెరిచాను. నలభై నిమిషాల్లో వచ్చింది ఒక్కటే సందేశం. పదో విద్యార్థి నుంచి. "నాలుగున్నర. కానీ మూడో పలక ఎండాకాలంలో. చలికాలంలో నీడ పొడుగు కాబట్టి నాలుగోది. మీ అమ్మ రెండూ చెప్పేది."

ఆ ప్రశ్న బోర్డు మీద ఎక్కడా లేదు. నేను నోటితో అడిగాను, అంతే. అదీ మైకు ఆపేసి.

లేచి ముందు గదిలోకి వెళ్ళాను. ఆయన ఇంకా ఆ చొక్కాతోనే కూర్చుని ఉన్నాడు. చీటీ కోసం చూశాను, చేతికి అందలేదు. ఎదురుగా నిలబడి అడిగాను.

"నాన్నా, నేను చెప్పింది నీకెలా తెలిసింది?"

"చెప్పావుగా!" అన్నాడు. ఆయన గొంతు పెద్దది, తన మాట తనకి వినపడదు కదా. "నీ మొహం ఇంత పెద్దగా కనపడుతుంటే తెలీకపోవడమేంటి? మా షెడ్డులో ముప్పై ఏళ్ళు పెదాలు చూసేగా మాట్లాడుకున్నాం. ఆ మోతలో ఎవడి చెవి పనిచేసింది గనక? ఆ చివర్నుంచి ఈ చివరికి జోకులేసుకునేవాళ్ళం."

"మైకు ఆపేసి ఉంది నాన్నా. ఎవరికీ వినపళ్ళేదు."

"అలాగా," అన్నాడు. "నాకు తేడా ఏం తెలుస్తుందమ్మా?"

మళ్ళీ తనే అన్నాడు, "చెప్పడం బాగుంది. ఏడాదైంది, నీ మొహం ఇంతసేపు చూసి."

దీనికి నాకు ఏదో అనిపించాలి. అనిపించలేదో, అనిపించినా అది ఎక్కడో అడుగున ఉండిపోయిందో తెలియదు. టైము చూశాను, ఒంటిగంట. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి సంగతి చెప్పాను. సగం అర్థమవగానే కళ్ళజోడు సర్దుకున్నాడు.

ఆయన ఒక వాక్యం చూసి ఆపుతాడు. నేనన్న మాట నాకు చెప్తాడు. నేను దాన్ని ఫోనులోకి అంటాను. మళ్ళీ తర్వాతది. ఆయన చెప్తున్నప్పుడు నేను రికార్డు చేయకూడదు, నేను రికార్డు చేస్తున్నప్పుడు ఆయన మాట్లాడకూడదు. ఆ రెండోది ఆయనకి అర్థం చేయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నేను ఎప్పుడు మాట్లాడుతున్నానో తెలియాలంటే ఆయన నన్ను చూడాలి, నేను ఆయన వైపు తిరిగి ఉండాలి. కాబట్టి ఫోను మధ్యలో పెట్టుకుని ఎదురెదురుగా కూర్చున్నాం.

"'టార్చి కిందకి దించితే ఏమైంది?' అన్నావు. ఇక్కడ నవ్వావు."

"నవ్వానా?"

"ఊఁ. కొంచెం."

నవ్వు కూడా రికార్డు చేశాను. దరిద్రంగా వచ్చింది. "అలా కాదు, అక్కడ బాగా నవ్వావు," అన్నాడు ఆయన, ఏదో వినపడినట్టు. నా మొహం చూసే అన్నాడు. రెండోసారి కొంచెం నయం.

మూడింటికి ఇరవయ్యారో నిమిషం దాకా వచ్చాం. ఇరవయ్యేడులో క్విజ్ రెండో భాగం. తెర మీద నేను ఊరికే నిలబడి ఉన్నాను, పెదాలు మాత్రం కొంచెం కదిలాయి. నాన్న ఆపాడు.

"ఏమన్నాను?"

"ఇది వద్దులే. పాఠం కాదు."

"ఏమన్నానో చెప్పు నాన్నా."

ఆయన తెరకేసే చూస్తూ చెప్పాడు. "'అమ్మా, ఇక్కడ ఎవరూ లేరే. గోడలకి చెప్తున్నానే' అన్నావు."

నాకు జ్ఞాపకం లేదు. ఒట్టు, అన్నట్టే జ్ఞాపకం లేదు. ఏడాదిగా ఏమీ అనిపించట్లేదని చెప్పుకు తిరిగే మనిషిని, ఇలా ఎన్నిసార్లు అనుకున్నానో.

అప్పుడు చూశాను. తెర అంచున, నేను మూసేసిన వరస రికార్డింగులో అలాగే ఉంది. తొమ్మిది నల్లటి గళ్ళు. పదో గడిలో నుదురు, ఫ్యాను. ఆ రెంటి మధ్యలో ఒక చెయ్యి లేచింది. బళ్ళో పిల్లలు ఎత్తినట్టు, నిటారుగా. నేను ముందుకి జరిపాను. ఇరవయ్యెనిమిది. ఇరవయ్యొమ్మిది. చెయ్యి అలాగే ఉంది. ముప్పైలో నొప్పెట్టినట్టుంది, రెండో చేత్తో మోచెయ్యి పట్టుకున్నాడు. ముప్పై మూడో నిమిషానికి దించాడు. ఆరు నిమిషాలు. తెరలో నేను మాత్రం జిగురు సీసా సర్దుకుంటున్నాను.

"తర్వాతది చెప్పు నాన్నా," అన్నాను. "టైము లేదు."

ఇరవయ్యేడో నిమిషానికి గొంతు పెట్టలేదు. అది పాఠం కాదు. మిగతాదంతా నాలుగింటికి అయింది, అతికించేసరికి నాలుగు ముప్పావు. నాలుగు యాభై ఆరుకి ఫైలు ఎక్కింది. నాన్న వంటింట్లోకి వెళ్ళి పాలు పెట్టుకున్నాడు, నేను మంచమెక్కి గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఐదు రోజులకి ఫలితం వచ్చింది. పాసయ్యాను. యాభైకి నలభై ఆరు. గడియారం ఫోను చేసి, "నెత్తిన పాలు పోశావే, నా వల్లే పోయిందని చస్తున్నా," అంది. మేడమ్ మార్కుల కాగితం కింద తన చేత్తో రాసింది. గొంతు బాగా కలిసిందట. బోర్డు వాడకం పరవాలేదట. చివర్న ఒక వాక్యం: "ఇరవయ్యేడో నిమిషంలో ఒక విద్యార్థి చెయ్యెత్తాడు. ఆరు నిమిషాలు ఎత్తే ఉంచాడు. టీచరు గమనించలేదు. నాలుగు మార్కులు తగ్గించాను."

కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. నాన్న గిన్నె కడుగుతున్నాడు. భుజం మీద తట్టాను. తిరిగాడు. కిటికీ వెలుతురు నా మొహం మీద పడేలా కొంచెం పక్కకి జరిగాను.

"నాన్నా, ఆ రోజు చెయ్యెందుకెత్తావు? ఏమడుగుదామని?"

ఆయన తడి చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు.

"అడగడానికేం లేదమ్మా. ఎవరూ లేరన్నావు. నేనున్నానని చెప్దామని."

అప్పుడొచ్చింది ఏడుపు. ఏడాది ఆగి, ఏ ముందస్తు కబురూ లేకుండా, మనిషంతా ఊగిపోయేలా వచ్చింది. సిగ్గేసి అలవాటుగా గోడ వైపు తిరగబోయాను. తిరిగితే నేనేమంటున్నానో ఆయనకి తెలియదు. ఆగిపోయి, ఆయన ఎదురుగానే నిలబడి ఏడ్చాను.